మూలన పేరు

గుంటూరు బ్రాడీపేటలో నేను పనిచేసిన ఆఫీసుకి బోర్డు ఉండేది కాదు. ఆ భవనంలో అడుగున వీడియో గేముల పార్లరు, మధ్యలో ఇంజనీరింగ్ ఎంట్రన్సు కోచింగు, పైన మేము. కోచింగ్ వాళ్ళకి గోడ గోడంతా ర్యాంకుల బోర్డే. పార్లరు వాళ్ళకి నల్ల కర్టెను, దాని పక్కన అంటించిన రంగుల బొమ్మలు. మాకు ఏమీ లేదు. ఎవరైనా అడ్రసు అడిగితే ఫలానా కోచింగ్ పైన అని చెప్పుకునేవాళ్ళం. ఒక బోర్డు పెట్టించండి సార్ అని కంపెనీ పెట్టినాయన్ని అడిగితే, మన కస్టమర్లు మెట్లెక్కి వచ్చేవాళ్ళు కాదు కదమ్మా అనేవాడు. అదీ నిజమే, మా కస్టమర్లు సముద్రాల అవతల ఉండేవాళ్ళు.

మాది వీడియో గేముల పని. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళు అయినట్టుంది. గేములు చేశామని చెప్పుకుంటే అది కోతలు కొయ్యడమే అవుతుంది. ఎక్కడో పెద్ద కంపెనీ గేము చేస్తుంటే, అందులో ఎవరూ ఆగి చూడని సామానంతా మాకు వచ్చేది. పీపాలు, గోనెసంచులు, విరిగిన కుర్చీలు, చెత్తకుండీలు, తలుపులు. హీరో తుపాకీ పట్టుకుని ఒక పీపా వెనక దాక్కుంటాడు చూడండి, ఆ పీపా నాది. దాని మీద తుప్పు ఎక్కడ ఎక్కువుండాలి, ఎక్కడ తక్కువుండాలి అని రోజులకి రోజులు కళ్ళు పొడుచుకునేదాన్ని. ఆడేవాడు దాన్ని ఓ క్షణం చూస్తే గొప్ప. మాది మిరప వేసే ఊరు. మా నాన్న ఒకసారి ఆఫీసుకొచ్చి, నా వెనక నిలబడి కాసేపు చూసి, డిగ్రీ చదివింది పీపాలు చెయ్యడానికా అన్నాడు. అమ్మ మాత్రం చుట్టాలు అడిగితే కంప్యూటర్ ఉద్యోగం అని చెప్పి, వాళ్ళు ఇంకో ప్రశ్న వేసేలోపు కాఫీ తెస్తానని లోపలికి వెళ్ళిపోయేది.

ఊళ్ళో గేమంటే అప్పట్లో ఉన్న గౌరవం అది. పిల్లల్ని పాడుచేసే రోగం. ఒకసారి ఒంగోలు వైపు పొగాకు పండించే ఊరి నుంచి ఒకాయన, కోచింగ్‌లో చేర్పించిన కొడుకు క్లాసులో లేడని వెతుక్కుంటూ మెట్లన్నీ ఎక్కి మా దగ్గరకి వచ్చాడు. మా కంప్యూటర్లలో తుపాకులూ పేలిపోయిన గోడలూ చూసి అక్కడే నిలబడిపోయాడు. ఇవన్నీ చేసేది మీరేనా, మీ ఇళ్ళల్లో పిల్లలు లేరా అని తిట్టాడు. గుమ్మానికి దగ్గరగా కూర్చున్న పాపానికి ఆ తిట్లన్నీ నాకే పడ్డాయి. మేం పీపాలు మాత్రమే చేస్తామండీ అనబోయి మానేశాను. చమట కారుతూ, చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ తేడా ఎలా చెప్తాం? పిల్లవాడు కింద పార్లర్లోనే దొరికాడని తర్వాత తెలిసింది.

అలాంటి రోజుల్లో మాకు ఒక బజారు చేసే పని వచ్చింది. తుపాకుల గేములో ఒక అంకం అంతా ఒక సంతలో జరుగుతుంది. ఏ దేశమని అడిగితే, ఏదో ఎండ దేశం అని జవాబొచ్చింది. వాళ్ళు పంపిన ఫొటోల్లో నాలుగు దేశాల వీధులు కలిసిపోయి ఉన్నాయి. దుకాణాల మీద చేత్తో రాసిన బోర్డులు కావాలన్నారు. కంప్యూటర్లో రాస్తే అచ్చు వేసినట్టుందని వెనక్కి పంపారు. మళ్ళీ చేశాం, మళ్ళీ పంపారు. మురికి చాలలేదు, రంగు పెచ్చులూడలేదు, మనిషి చెయ్యి కనిపించడం లేదు. మా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి కంపెనీ పెట్టిన మా సారే, నిజంగా చేత్తో రాసే మనిషినే తీసుకొస్తే పోలా అని ఒక బోర్డు ఆర్టిస్టుని వెంటబెట్టుకొచ్చాడు.

ఆయన పాతగుంటూరు సాయిబు గారు. యాభై దాటిన మనిషి, నెరిసిన గడ్డం. చొక్కా ఇస్త్రీ నలగనిచ్చేవాడు కాదు, కానీ మోచేతి దగ్గర ఎప్పుడూ ఏదో ఒక రంగు చుక్క ఉండేది. నేను బాబాయ్ అనేదాన్ని. నన్ను అమ్మాయ్ అనేవాడు, కోపం వస్తే అమ్మగారూ అనేవాడు. ఊళ్ళో ముప్పాతిక బోర్డులు తనవేనని ఆయన చెప్పుకునేవాడు. సగం పోయినా, సగం నిజమే. బ్రాడీపేటలో ఏ టైలర్ షాపు, ఏ మందుల కొట్టు, ఏ విత్తనాల కొట్టు బోర్డు చూసినా కింద కుడి మూలన ఆయన పేరు, పక్కన ఆర్ట్స్ అనే మాట, దాని పక్కన చిన్న కుంచె బొమ్మ. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ కుంచె బొమ్మ చూస్తూనే ఉన్నాను. మిర్చి అమ్మడానికి నాన్న యార్డుకి వస్తే, ఆ ఘాటుకి తుమ్ముతూ నేను చదువుకున్న మొదటి బోర్డులు ఆయనవే. ఆ పేరుగల మనిషి ఒకడు ఉంటాడని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన మా దగ్గరకి రావడానికి కారణం ఫ్లెక్సీ. ఆ మిషన్లు గుంటూరులో దిగాక ఆయన బోర్డులు ఒక్కొక్కటే ఊడిపోవడం మొదలైంది. పొద్దున చెప్తే సాయంత్రానికి వచ్చేస్తుంది, మధ్యలో ఓనరు ఫొటో కూడా వేస్తారు, ఇంకెవరు ఆగుతారు? ఆయన సైకిల్ మీద ఆఫీసుకి వచ్చే దారిలో ఏ కొట్టు బోర్డు పోయిందో వచ్చీ రాగానే నాకు చెప్పేవాడు. ఇవాళ మిల్లు సామాన్ల కొట్టుది తీసేశారమ్మాయ్. ఇవాళ కళ్ళజోళ్ళ షాపుది. తీసేసిన రేకు ఏం చేశారని అడిగాడట, కోళ్ళగూటికి కప్పారట. ఆ మాట చెప్పి నవ్వేవాడు కానీ ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. ఎవరింట్లోనో మనిషి పోయినట్టు నాకు పొద్దున్నే నీరసం వచ్చేది. అప్పటికే నాకు బోలెడు విసుగులున్నాయి, ఇదొకటి తోడైంది.

మేడ మీద షెడ్డు కింద ఆయనకి చోటిచ్చారు. రేకుల మీద, చెక్కల మీద ఎనామిల్ రంగుతో రాసేవాడు. రాశాక వాటిని ఎండలో పెట్టి, గీకి, మట్టి రుద్ది పాతబడేట్టు చేసేవాళ్ళం. ఆ పని ఆయనకి కడుపుమంట. ఇంత చక్కగా రాసినదాన్ని మళ్ళీ గీకడమేంటని గొణిగేవాడు. దుకాణాల గోడల నమూనాలకి పిడుగురాళ్ల సున్నమే కావాలని పట్టుబట్టి తెప్పించాడు, వేరేదైతే తెల్లగా ఉండదని. తీరా అది వేశాక దాన్నీ మురికి చెయ్యమన్నాం. అలా పాతబడిన బోర్డుల్ని మేము ఫొటో తీసి కంప్యూటర్లో మా దుకాణాలకి అతికించేవాళ్ళం.

అసలు చిక్కు అది కాదు. బోర్డుల మీద ఏ భాషా ఉండకూడదన్నారు ఆ పెద్ద కంపెనీ వాళ్ళు. చూడ్డానికి అక్షరాల్లా ఉండాలి, ఎవరికీ చదవడానికి రాకూడదు. ఏ దేశం వాళ్ళూ మమ్మల్ని అన్నారని గొడవ పెట్టుకోకూడదట. ఇది బాబాయ్‌కి చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. చదవడానికి కాకపోతే రాయడం దేనికి అని ఆయన ఒకటే పట్టు. కుంచె ముంచి, చెయ్యి వణక్కుండా కర్ర ఒకటి బోర్డుకి ఆనించి, దాని మీద మణికట్టు పెట్టుకుని మొదలుపెట్టేవాడు. చూస్తూ ఉండగానే ఆ చెయ్యి తన దారిన తాను పోయి కిరాణా అని రాసేసేది. తుడిచి మళ్ళీ మొదలుపెడితే వస్త్రాలయం. ఆయన తన చేతిని తనే తిట్టుకునేవాడు. చివరికి రేకుల్ని తలకిందులుగా నిలబెట్టి రాయడం మొదలుపెట్టాడు, అప్పుడు గానీ చెయ్యి దారి తప్పలేదు. అలా బజారంతా ఎవరికీ అర్థం కాని బోర్డులతో నిండింది.

ఒక్కటి తప్ప. ప్రతి బోర్డునీ సరిగ్గా నిలబెట్టి, కింద కుడి మూలన ఆయన తన పేరు రాసేవాడు, ఆర్ట్స్ అని రాసేవాడు, కుంచె బొమ్మ వేసేవాడు. ఆ తర్వాతే కుంచె కడిగేవాడు. పేరు పడకుండా కుంచె కడగకూడదని ఆయన గురువు పెట్టిన నియమం. బోర్డు రాయడం అంటే అదే, మూలన పేరు పడితేనే అది అయినట్టు.

ఇప్పుడు చెప్తే ఎవరూ నమ్మరు గానీ, అది తప్పని మా ఆఫీసులో ఒక్కరికీ తోచలేదు. నెలల తరబడి ఆ బోర్డుల్ని పెద్దవి చేసి, చిన్నవి చేసి, పక్కకి తిప్పి చూశాం. ఆ పేరు మా కళ్ళ ముందే ఉంది. అందరం ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళమే. బోర్డు అన్నాక మూలన పేరుంటుంది, గోడ అన్నాక పునాది ఉన్నట్టు. పేరు లేని బోర్డు మేమెవరం పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఎవరికీ అర్థం కాకుండా రాయించాలని అంత తంటాలు పడ్డ మనుషులం, చక్కగా చదవడానికి వచ్చే తెలుగు పేరు ప్రతి దుకాణం మీదా పెట్టి పంపించేశాం.

ఆయనకి ఆ గేము ఎంత ముఖ్యమో నాకు ఒక మధ్యాహ్నం తెలిసింది. కరెంటు పోయింది, మేడ మీద టీ తాగుతున్నాం. ఈ ఆట ఎన్ని ఊళ్ళలో ఆడతారమ్మాయ్ అని అడిగాడు. అన్ని ఊళ్ళలోనూ, అన్ని దేశాల్లోనూ అని చెప్పాను. ఇందులో బోర్డులు ఎవరైనా పీకేస్తారా అన్నాడు. లేదు బాబాయ్, ఒకసారి పెట్టాక ఎప్పటికీ అలాగే ఉంటాయి అన్నాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి వీధిలోకి చూశాడు. ఎదురుగా ఆయన రాసిన టైలర్ షాపు బోర్డు ఇంకా ఉంది, దాని మీద కొత్త ఫ్లెక్సీ కట్టడానికి తాళ్ళు వేలాడుతున్నాయి. అయితే పర్లేదులే అన్నాడు. ఊళ్ళో తన పేరు చెరిగిపోతోందని, దాన్ని ఎక్కడో ఒకచోట దాచుకుంటున్నాడని నాకప్పుడు అర్థమైంది. ఇంకేమీ అడిగే మనిషి కాదాయన.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఉత్తరం వచ్చింది. ఉత్తరమంటే మెయిలే. మాకు పొద్దున్నే మెయిల్ తెరవడమంటే భయం, వాళ్ళ పగలంతా మేం చేసిన తప్పులు వెతకడానికే సరిపోయేదేమో. ఆ రోజు వచ్చిన బొమ్మలో బజారంతా ఎర్ర సున్నాలు. ప్రతి దుకాణం మూలనా ఒక సున్నా చుట్టి, ఈ గుర్తు అన్ని చోట్లా మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తోంది, ఇది ఏదైనా నిజమైన కంపెనీదా, దీని అర్థమేమిటి, వెంటనే తీసెయ్యండి అని రాశారు. సార్ ముందు నవ్వేశాడు. మేమూ నవ్వాం. తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

చెప్పే పని నాకే పడింది. నేను మేడ మీదికి వెళ్ళి సాఫీగానే చెప్పాను. బోర్డుల మీద మీ పేరు ఉండకూడదంట బాబాయ్, కంప్యూటర్లో తీసేస్తాం, మీరేం చెయ్యక్కర్లేదు అన్నాను. ఆయన గొడవ చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. కాసేపు కుంచెని టర్పెంటైన్‌లో తిప్పుతూ కూర్చుని అన్నాడు:

"వాళ్ళ బజారు, వాళ్ళిష్టం. బోర్డు మీద వద్దంటే వద్దు. సినిమా అయిపోయాక అందరి పేర్లూ వస్తాయి కదమ్మాయ్, దీనికీ వస్తాయా?"

వస్తాయి అన్నాను. ప్రతి గేముకీ ఉంటుంది ఆ పేర్ల వరస.

"అయితే అందులో వెయ్యమను. తప్పు రాస్తే తిట్టడానికైనా పేరుండాలి కదా. ఎవడు రాశాడో తెలియకపోతే ఎవర్ని తిడతారు?"

ఆయన పేరుని ఇన్నాళ్ళూ డాబు అనుకున్నాను. అది డాబు కాదు, జవాబుదారీ. ఆ పొగాకు ఊరి ఆయన మెట్లెక్కి వచ్చి ఎవర్ని తిట్టాలో తెలియక నన్ను తిట్టింది గుర్తొచ్చింది. సార్ దగ్గరకి వెళ్ళి మెయిల్ రాస్తానన్నాను. ఆయన వద్దన్నాడు. అగ్రిమెంటులోనే ఉందమ్మా, బయట చేయించిన పనికి పేర్లు వెయ్యరు, మన కంపెనీ పేరే వెయ్యరు, మనం ఈ గేము చేశామని బయట చెప్పుకోవడానికి కూడా లేదు అన్నాడు. అందుకేనా సార్ మనకి బోర్డు కూడా లేదు అన్నాను. నాకు నోరు కాస్త ఎక్కువే. ఆయన సరే రాసుకో అన్నాడు, అలసటగా. ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం. పై నుంచి వచ్చే పని ఆగిపోతే మేమందరం ఇళ్ళకి పోవాల్సిందే.

నాకొచ్చిన ఇంగ్లీషంతా పెట్టి రాశాను. మా ఊళ్ళో బోర్డు రాసినవాళ్ళు పేరు రాస్తారని, అది వ్యాపార గుర్తు కాదని, ఈయన జీవితమంతా ఇదే పని చేశాడని, చివర్లో ఒక్క పేరు వేస్తే చాలని. జవాబు కోసం ఎదురుచూసినన్నాళ్ళూ బాబాయ్ ఆ బోర్డులు ముట్టుకోలేదు, మమ్మల్నీ ముట్టుకోనివ్వలేదు. రోజూ మేడ మీదికి వస్తాడు, రోజూ అడుగుతాడు, రాలేదంటే కూర్చుంటాడు. మిర్చి కోతల కాలం. కింద రోడ్డు మీద మిర్చి బస్తాల, అదే టిక్కీల లారీ వెళ్ళినప్పుడల్లా ఇద్దరం దగ్గుకుంటూ కూర్చునేవాళ్ళం.

జవాబు చాలా మర్యాదగా వచ్చింది. అదే నాకు ఒళ్ళు మండించింది. మీ ఆర్టిస్టు కథ మమ్మల్ని కదిలించింది, ఆయన పని మాకెంతో నచ్చింది, కానీ మా పద్ధతి ప్రకారం మా సొంత ఉద్యోగుల పేర్లే వేస్తాం, అర్థం చేసుకుంటారని ఆశిస్తాం అని రాశారు. తిట్టి ఉంటే తిరిగి తిట్టుకునేదాన్ని. ఇంత మంచిగా కాదన్నవాళ్ళని ఏం చెయ్యాలి?

బాబాయ్‌కి చెప్పాను. తల ఊపాడు. కంప్యూటర్లో ఒక్క నిమిషం పని, మా వాళ్ళు చేసేస్తారు అన్నాను.

"నా పేరు వేరేవాళ్ళు చెరపడమేంటమ్మగారూ. నేనే చెరుపుతాను, ఇటివ్వండి" అన్నాడు.

బోర్డులన్నీ వరసగా గోడకి ఆనించుకుని, ఏ బోర్డుకి ఆ రంగు కలుపుకుని, మూల తర్వాత మూల కప్పుకుంటూ వెళ్ళాడు. అంత శ్రద్ధగా రాసినప్పుడు కూడా రాయలేదేమో. ఎక్కడ పేరుందో నాకే తెలియకుండా పోయింది. నేను ఆ చివర నిలబడి చూస్తూ ఉండిపోయాను. సాయం చెయ్యాలని ఉంది, చెయ్యడానికి ఏమీ లేదు. ఆఖరి బోర్డు కూడా అయిపోయాక, సైకిల్ తాళం జేబులోంచి తీసుకుని వెళ్ళొస్తాను అని దిగిపోయాడు. మర్నాడు నేను ఫొటోలు తీయడానికి సామాను సర్దుతుంటే రంగు డబ్బాలో ఆయన కుంచె కనిపించింది. కడగలేదు. రంగు ఆరిపోయి అప్పటికే కట్టెలా బిగిసింది. టర్పెంటైన్‌లో నానబెట్టి చూశాను, ఇంక పనికిరాదు. నాకు ఏడుపొచ్చింది. ఎండకి కళ్ళు మండాయని కిందకి వచ్చి చెప్పాను.

మళ్ళీ ఆయన్ని చూసింది గేము బయటికి వచ్చాకే. బయటికి రావడమంటే మా భవనంలో అడుగున పార్లరుకి రావడం. కొన్న డిస్కు కాదు, కాపీ కొట్టిన డిస్కు, మీద పెన్నుతో పేరు రాసి ఉంది. గుంటూరులో అసలు డిస్కు కొన్న మనిషిని నేను ఒక్కణ్ణీ ఎరగను. మేము చేసిన గేము మేమే దొంగ కాపీలో చూశాం, ఎందుకంటే మాకూ ఎవరూ పంపలేదు. న్యాయం గురించి మాట్లాడే హక్కు ఈ కథలో ఎవరికుందో నాకిప్పటికీ తెలీదు.

బాబాయ్‌కి ఎవరు చెప్పారో గానీ, ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కాతో, కళ్ళజోడుతో వచ్చాడు. బోర్డులు చూస్తానన్నాడు. ఆఖర్న పేర్లు కూడా చూద్దాం, మనసు మారి వేశారేమో అన్నాడు. వెయ్యలేదు బాబాయ్ అని చెప్పడానికి నోరు రాలేదు. ఇద్దరం నల్ల కర్టెను తీసుకుని లోపలికి వెళ్ళాం. ఆయన వయసు మనిషి అక్కడికి వస్తే అది కొడుకుని ఈడ్చుకెళ్ళడానికే, అందుకని అందరూ కుర్చీల్లో సర్దుకున్నారు. పార్లరు నడిపే అతనే కూర్చుని మా కోసం ఆ సంత దాకా ఆడి పెట్టాడు.

మా బజారు తెర మీదికి వచ్చింది. ఎండ, దుమ్ము, పిడుగురాళ్ల సున్నం, తలకిందులుగా రాసిన బోర్డులు. బాబాయ్ ముందుకి వంగాడు. ఆ బోర్డు నెమ్మదిగా చూపించు నాయనా అన్నాడు. అతను తుపాకీని బోర్డు వైపు తిప్పి ఆగాడు. బాబాయ్ మూల చూశాడు. నున్నగా ఉంది. ఇంతలో దుకాణాల వెనక నుంచి మనుషులు వచ్చి పడ్డారు, తలకి గుడ్డలు కట్టుకుని, గడ్డాలతో. పార్లరతను కాల్చాడు, వాళ్ళు పడిపోయారు. బాబాయ్ చెయ్యి తన గడ్డం మీదికి వెళ్ళింది, అక్కడే ఉంది. ఈ బజారులో కొనేవాళ్ళెవరూ రారా అని నన్ను అడిగాడు. రారు అన్నాను. ఆ వచ్చేవాళ్ళ మొహాలు చేసే పని మా ఆఫీసుకి రాలేదు, ఇంకెవరో చేశారు. ఎవరో తెలిస్తే అడిగేదాన్ని. పక్కన కూర్చోవడానికి నాకు సిగ్గేసింది.

తర్వాత పేర్లు పెట్టించాం. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కింద నుంచి పైకి పోతున్నాయి. ఇంగ్లీషు అక్షరాలు ఎన్నో బోర్డుల మీద రాసినవాడే, కానీ ఆ వేగానికి ఆయన కళ్ళు అందుకోలేకపోయాయి. చదివి చెప్పమన్నాడు. చదివాను. బొమ్మలు వేసినవాళ్ళు, పాటలు కట్టినవాళ్ళు, లెక్కలు చూసినవాళ్ళు, వాళ్ళకి భోజనాలు పెట్టినవాళ్ళు, గేము చేస్తున్నప్పుడు వాళ్ళ ఇళ్ళల్లో పుట్టిన పిల్లలు. ఒక్కొక్కటీ చదువుతుంటే ఆయన తల ఊపుతున్నాడు, పెళ్ళి పిలుపులు విన్నట్టు. ఆఖర్లో ఒక పేరు దగ్గర నేను ఆగిపోయాను. ఎవరు అని అడిగాడు. దాటేద్దామనుకున్నాను. కానీ ఆయనకి అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

ఆఫీసు కుక్క బాబాయ్, అన్నాను.

పార్లరతను పక్కున నవ్వి, మా ఇద్దరి మొహాలూ చూసి ఆపేశాడు. బాబాయ్ నవ్వలేదు, కోప్పడలేదు. పుట్టిన పిల్లల పేర్లు వేశారు చూడు, అది బాగుంది అన్నాడు. పేర్లు అయిపోయాయి. తెర నల్లగా ఉండిపోయింది. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని నావైపు తిరిగాడు.

"నీ పేరు చదవలేదేంటమ్మాయ్?"

లేదు బాబాయ్, నాదీ లేదు, మా ఆఫీసులో ఎవరిదీ లేదు అన్నాను. ఆయన నిజంగా విస్తుపోయాడు. ఇన్నాళ్ళూ తన పేరొక్కటే వద్దన్నారనుకున్నాడు, తను పెద్దగా చదువుకోనివాడు గనక, మేడ మీద రేకుల దగ్గర పనిచేసేవాడు గనక. మేము కుర్చీల్లో కూర్చునేవాళ్ళం, కంప్యూటర్ల వాళ్ళం, మా పేర్లు ఉండి తీరతాయని ఆయన నమ్మకం.

"నేను అడిగాను, లేదన్నారు. అది వేరు" అన్నాడు. "నా కోసం అంత ఇంగ్లీషు రాశావు. అందులో నీ పేరు కూడా ఒక ముక్క రాయాలనిపించలేదా?"

అనిపించలేదు. అదీ నా జవాబు. ఎవరి మీద పడితే వాళ్ళ మీద నోరు పారేసుకునేదాన్ని, సార్‌తో, కరెంటాఫీసుతో, ఇంట్లో అమ్మతో, కానీ ఆ మెయిల్ రాసినప్పుడు నాకు కూడా ఒక పేరుందని గుర్తే రాలేదు. ఆ బజారులో ప్రతి తలుపూ, ప్రతి బల్లా, ఆ మనుషులు పడిపోయిన నేల మీద రాళ్ళూ నేను చేసినవి. ఆయన చెరుపుకోవడానికి మూలన ఒక పేరైనా ఉంది. నాది చెరపడానికి కూడా ఎక్కడా లేదు. నేను బయటికొచ్చి పార్లరు మెట్ల మీద కూర్చుండిపోయాను. బాబాయ్ పక్కన నిలబడి సైకిల్ తాళం తిప్పుకుంటూ ఉన్నాడు. కోచింగ్ వదిలారు, పిల్లలంతా మమ్మల్ని తోసుకుంటూ వెళ్ళిపోయారు. ఎదురుగా టైలర్ షాపు మీద ఫ్లెక్సీ కట్టేశారు, గాలికి పటపట కొట్టుకుంటోంది.

మా ఆఫీసు ఆ తర్వాత ఏడాదికో రెండేళ్ళకో మూతబడింది. బోర్డు లేదు గనక తీసే పని కూడా లేకపోయింది. ఎన్నో కంపెనీలు మారాను, ఎన్నో బజార్లు చేశాను, ఎన్నో ఊళ్ళు తగలబెట్టాను. ప్రతి చోటా మొదటి రోజే, పని గురించి, పనివేళల గురించి అన్నీ మాట్లాడుకున్నాక, ఒక మాట అడుగుతాను. ఆఖర్న మా పేర్లు వేస్తారా అని. చాలామంది మర్యాదగా నవ్వి వెయ్యరని చెప్తారు. తెలుసు, అయినా అడుగుతాను. నేను అడిగాను, లేదన్నారు, అది వేరు.